పడవ తాడు

తాడు పట్టుకో. గట్టిగా పట్టుకో, లంగరు లేపుతున్నారు.

తడిసిన నార అరచేతుల్ని కోస్తోంది. సరంగు కేక పెట్టినప్పుడల్లా వరసలో ఉన్న కళాసీలంతా ఒక్క ఊపున వెనక్కి వాలాలి. వాలు. మళ్ళీ వాలు. చెవి పక్కన గాలి తగులుతోంది చూశావా? దక్షిణపు గాలి. మెత్తగా ఉంది. ఇన్ని రోజులూ మొహం మీద కొట్టిన ఎదురుగాలి ఇవాళ పొద్దున్నే ఆగిపోయింది. ఓడ మీద నవ్వులు వినబడి ఎన్నాళ్ళయిందో, ఇప్పుడు వినబడుతున్నాయి.

ఇది క్రీ.శ. 59, ఒక ఏడాది అటూఇటూ. క్రేతు దీవి దక్షిణపు ఒడ్డు. ఈ చోటు పేరు మంచిరేవులు. పేరు పెట్టినవాడు ఇక్కడ చలికాలం గడిపి ఉండడు. నువ్వు ఎక్కింది అలెగ్జాండ్రియా ఓడ, అడుగునుంచి పైదాకా ఈజిప్టు గోధుమలు. రోములో రెండు లక్షల మందికి చక్రవర్తి ధాన్యం ఉచితంగా పంచుతాడు. ఆ గింజలు ఇలాంటి ఓడల్లోనే రావాలి.

యూదుల ప్రాయశ్చిత్త ఉపవాసం దాటిపోయింది. అంటే అక్టోబరు. సెప్టెంబరు సగం నుంచే ఈ సముద్రాన్ని నమ్మకూడదు, నవంబరు 11 దాటాక మామూలుగా ఎవరూ ఓడ కట్టు విప్పరు. మరి ఇంత ఆలస్యంగా నీళ్ళ మీద ఏం చేస్తున్నాం అంటావా? డబ్బు. చలికాలంలో ధాన్యం తెస్తూ తుఫానులో నష్టపోతే ఆ నష్టం నాది అని వెనకటి చక్రవర్తి క్లౌడియస్ వర్తకులకి మాటిచ్చాడు. ఓడ యజమానికి ధైర్యం చెప్పడానికి అలాంటి మాట ఒక్కటి చాలు.

గట్టిగా వద్దన్నవాడు ఒక్కడే. అతను ఖైదీ.

నిన్న తెరచాప కొయ్య దగ్గర నిలబడి చెప్పాడు. ఇప్పుడు కదిలితే సరుకుకీ ఓడకీ మాత్రమే కాదు, మన ప్రాణాలకీ ముప్పు అన్నాడు. పౌలు, క్రీస్తు అపోస్తలుడు. యెరూషలేములో పట్టుబడి, కైసరయ జైలులో రెండేళ్ళు మగ్గి, నా తీర్పు చక్రవర్తే చెప్పాలని పట్టుబట్టినవాడు. అతన్నీ మరికొందరు ఖైదీల్నీ రోముకి చేర్చే పని యూలి అనే శతాధిపతిది. పౌలు కళాసీ కాడు. కానీ మూడుసార్లు ఓడ పగిలి బతికినవాడు, ఒక పగలూ ఒక రాత్రీ నడిసముద్రంలో ఉన్నవాడు. ఓడ నడిపేవాడు వేరేలా చెప్పాడు. యజమానీ వేరేలా చెప్పాడు. యూలి వాళ్ళిద్దరి మాటా విన్నాడు. నువ్వయినా అంతే చేసేవాడివి.

ఎక్కువమంది వెళ్దామన్నారు. ఫీనిక్సు రేవు నలభై మైళ్ళు. ఈ గాలి నిలిస్తే ఒక్క పూట. అక్కడ చలికాలం హాయిగా గడిచిపోతుంది. నిన్నూ అడిగారు. తల ఊపావు.

లంగరు పైకొచ్చింది. ఒడ్డుని ఆనుకుని సాగుతున్నారు. చిన్న పడవని లోపలికి ఎక్కించలేదు, తాడుతో వెనక లాక్కెళ్తున్నారు. ఒక్క పూట ప్రయాణానికి ఎందుకంత శ్రమ అని సరంగే అన్నాడు. ఆ పడవని గుర్తుపెట్టుకో.

మధ్యాహ్నానికి కొండల వైపు చూడు. ఆ శిఖరాలు ఎనిమిది వేల అడుగులు. వాటి తలల మీద మబ్బు లేచింది. మబ్బు కింద నీళ్ళు తెల్లబడ్డాయి. ఆ తెలుపు ఇటే వస్తోంది.

గాలి మారింది.

ఈశాన్యం నుంచి విరుచుకుపడింది. ఈ సముద్రంలో అందరికీ తెలిసిన గాలే, ఊరకులోను అంటారు. చాప పొంగింది. కొయ్య మూలిగింది. ఓడ ముక్కుని గాలికి ఎదురు తిప్పాలని చుక్కాని మీద ఇద్దరు పడ్డారు. తిరగలేదు. వదిలేశారు. ఇక గాలి ఎటు తీసుకెళ్తే అటు.

కౌద అనే చిన్న దీవి చాటున కాస్త ఊపిరి దొరికింది. ఎంతసేపో దొరకదు. పరుగెత్తు. వెనక చిన్న పడవ నీళ్ళతో నిండి ఓడనే ఢీకొంటోంది. లాగు. సైనికులు, ప్రయాణికులు, ఎవరి చెయ్యి ఖాళీగా ఉంటే వాళ్ళు లాగండి. నీళ్ళు నిండిన పడవ ఎంత బరువో భుజాలకి తెలుస్తుంది. ఎక్కింది. తరవాత మోకులు. లావుపాటి మోకుల్ని ఓడ కిందినుంచి పోనిచ్చి చుట్టూ బిగించాలి, పురిటాలి నడుముకి గుడ్డ చుట్టి బిగించినట్టు. లేకపోతే పలకలు విడిపోతాయి. గోధుమలు తడిస్తే ఉబ్బుతాయి. ఓడ బయటినుంచే కాదు, లోపలినుంచీ పగలగలదు.

చీకట్లో ఎవరో సూర్తిసు అన్నారు. ఆ మాట వినగానే నీ నోరు ఎండిపోయింది. లిబియా ఒడ్డున ఉన్న ఇసుక మేటలవి. నేల కనబడకముందే ఓడ కూరుకుపోతుంది. ఈ గాలి సరిగ్గా అటే తోస్తోంది. చాపలు దించారు.

రెండో రోజు సరుకు కొంత సముద్రంలోకి పోయింది. మూడో రోజు ఓడ సామాను. కొయ్యలు, తాళ్ళు, కప్పీలు. వీటిని విసరమని ఏ కళాసీకీ ఎవరూ నేర్పరు. నువ్వే మోసుకెళ్ళావు. నీ చేతులతోనే విసిరావు.

ఆ తరవాత రోజులు లేవు. చీకటీ, కాస్త తక్కువ చీకటీ ఉన్నాయి, అంతే. సూర్యుడు లేడు. నక్షత్రాలు లేవు. దిక్సూచి అనేది ఈ సముద్రం మీద ఇంకా ఎవరూ ఎరగరు. పగలు సూర్యుణ్ణీ రాత్రి చుక్కల్నీ చూసి నడవడమే మీకు తెలిసిన విద్య, రెండూ పోయాయి. ఎక్కడున్నారో ఓడ నడిపేవాడికే తెలీదు. అతని కళ్ళల్లోకి చూడకు. చూస్తే నీకూ తెలిసిపోతుంది.

పొయ్యి వెలగదు. వెలిగినా మెతుకు దిగదు. తడి బట్ట ఒంటి మీదే ఆరి, మళ్ళీ తడిసి, ఉప్పుకి చంకలు పుండ్లు పడ్డాయి. ఐసిస్ తల్లికి మొక్కావు, అలెగ్జాండ్రియా కళాసీలంతా మొక్కే తల్లి. పక్కవాడు కాస్టర్, పోలక్స్ అనే జంట దేవుళ్ళకి మొక్కాడు. ఇంకొకడు ఎవరికీ మొక్కడం మానేశాడు, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అతన్ని చూస్తేనే ఎక్కువ భయం వేస్తోంది.

అప్పుడు ఆ ఖైదీ లేచి నిలబడ్డాడు.

మొదట ఆయనన్నది ఏమిటో తెలుసా? నా మాట విని క్రేతులోనే ఉండాల్సింది అని. పక్కనే ఉండి ఈ కథ రాసిన సహచరుడు, లూకా అని సంప్రదాయం చెప్పే ఆయన, ఈ ముక్క తీసేయకుండా ఉంచినందుకు నాకు చాలా ఇష్టం. ఎంతటి భక్తుడైనా చావు ముందు నిలబడి కూడా చెప్తే విన్నారా అనకుండా ఉండలేకపోయాడు. మనింట్లో పెద్దవాళ్ళకే కాదు, అపోస్తలుడికీ ఆ బాధ తప్పలేదు.

ఆ తరవాతి మాటకి ఓడంతా నిశ్శబ్దమైంది. రాత్రి తన దేవుడి దూత తన పక్కన నిలబడ్డాడట. భయపడవద్దన్నాడట. నువ్వు చక్రవర్తి ముందు నిలబడక తప్పదు, నీతో ఈ ఓడలో ఉన్న అందరి ప్రాణాల్నీ దేవుడు నీకిచ్చాడు అన్నాడట. ఒక్క ప్రాణం పోదు. ఓడ మాత్రం పోతుంది. ఏదో ఒక దీవికి కొట్టుకోక తప్పదు.

నువ్వు కళాసీవి. ఆ మాటలో శుభవార్త నీకు అంత త్వరగా వినబడదు. ఓడ పోతుంది అన్నది వినబడుతుంది. దీవికి కొట్టుకోవడం అంటే ఏమిటో నీకు తెలుసు, రాళ్ళు. ఈ దేవుడు ఇచ్చే మాటలో తుఫాను ఆగుతుందని లేదు. గోధుమలు దక్కుతాయని లేదు. ఎప్పుడు, ఎక్కడ అన్నది లేదు.

ఆయన సంగతి చూడు. రెండేళ్ళ పైచిలుకు కిందట రోములోని విశ్వాసులకి ఉత్తరం రాశాడు. మీ దగ్గరికి వస్తాను, కొన్నాళ్ళు మీతో గడిపి అక్కణ్ణుంచి స్పెయిన్ వెళ్తాను, దారి ఖర్చూ సాయమూ మీరే చూడాలి అని. ఎంత చక్కటి పథకం! ఇప్పుడు రోముకే వెళ్తున్నాడు. చేతికి గొలుసు, పక్కన సైనికుడు, కింద పగలబోతున్న ఓడ. అనుకున్నది అనుకున్నట్టు జరగనివాడు ఈ ఓడలో నువ్వొక్కడివే కాదు.

నమ్ముతావా? నమ్మకపోతే ఏం చేస్తావు? నీళ్ళు తోడు. ఇప్పటికి అదే పని.

పధ్నాలుగో రాత్రి. నడిరేయి.

చెవి పెట్టు. ఇన్నాళ్ళ హోరులో ఇంకో చప్పుడు కలిసింది. కింది నుంచి కాదు, ముందునుంచి. అల విరిగే చప్పుడు. అల విరిగిందంటే కింద ఏదో ఉంది. కళాసీలంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేల.

సీసపు గుండు కట్టిన తాడు తే. వెయ్యి. తాడు జారిపోతోంది, జారిపోతోంది, సడలింది. రెండు చేతులూ బార్లా చాపి కొలువు. ఇరవై బారలు. నూట ఇరవై అడుగులు. కాస్త ఆగు. మళ్ళీ వెయ్యి. పదిహేను బారలు.

లోతు తగ్గుతోంది. త్వరగా తగ్గుతోంది. చీకట్లో రాళ్ళ మీదికి పోతున్నారు.

లంగర్లు వేశారు. నాలుగు. ముందునుంచి కాదు, ఓడ వెనక భాగం అమరం నుంచి. ఎందుకంటే ముందునుంచి వేస్తే ఓడ గిర్రున తిరిగి అడ్డం పడొచ్చు. వెనకనుంచి పట్టి ఉంచితే ముక్కు నేల వైపే ఉంటుంది, తెల్లారగానే తాళ్ళు కోసి నేరుగా ఒడ్డుకి తోలొచ్చు. నాలుగూ పట్టాయి. మోకులు బిగిసి కీచుమంటున్నాయి. తెల్లారాలని అందరూ మొక్కుతున్నారు. ఎవరి దేవుడికి వాళ్ళు.

ఇంత చిన్న దీవి దగ్గరికే ఎలా వచ్చారని అడుగుతావేమో. సొంత పడవలో సముద్రాలు తిరిగిన జేమ్స్ స్మిత్ అనే స్కాట్లండ్ పెద్దమనిషికీ ఈ అనుమానమే వచ్చింది. 1848లో వేసిన పుస్తకంలో లెక్క కట్టాడు. ఇలాంటి ఓడ ఇలాంటి గాలికి రోజుకి సుమారు 36 మైళ్ళు కొట్టుకుపోతుంది. కౌద నుంచి మీరున్న చోటికి 470 మైళ్ళ పైచిలుకు. భాగించి చూసుకో, పదమూడు రోజులు దాటి కాస్త. లెక్క కుదిరినంత మాత్రాన దేవుడు లేడనీ కాదు, ఉన్నాడని రుజువైనట్టూ కాదు. రాసినాయన అబద్ధం రాయలేదని తెలుస్తుంది. ఆ మాత్రం చాలు నాకు.

సరే, ఇటు రా. ఎవరో నీ భుజం తట్టారు.

నీ తోటి కళాసీ. నోరు నీ చెవికి ఆనించి చెప్తున్నాడు. ముందునుంచి కూడా లంగర్లు వెయ్యాలని సైనికులకి చెప్తాం. ఆ వంకన చిన్న పడవ దించుతాం. మనం ఎక్కేస్తాం. మనకి ఈ పని తెలుసు. ఒడ్డు దగ్గరే. ఈ గోధుమ బస్తాల్నీ ఈ ఖైదీల్నీ నమ్ముకుని చావమంటావా? రా.

తాడు నీ చేతిలో పెట్టాడు.

ఏం చేస్తావు? ఒక్క ప్రాణం పోదని ఆ పెద్దాయన చెప్పింది గుర్తుంది. పోదన్నాక పడవలో వెళ్తే మాత్రం తప్పేముంది? అక్కడైనా బతికించేది ఆ దేవుడేగా? మనసు ఎంత చప్పున వాదన వెతుక్కుంటుందో చూడు. ఇంట్లో తల్లి ఉంది. అలెగ్జాండ్రియా రేవులో అప్పు ఉంది. ఓడలో ఉన్నవాళ్ళెవరూ నీ చుట్టాలు కారు.

తాడు వదులుతున్నావు. పడవ నీళ్ళ వైపు దిగుతోంది. మెల్లగా. చప్పుడు కాకుండా.

పౌలు చూశాడు.

నీ మీద అరవలేదు. నీ వైపే రాలేదు. యూలి దగ్గరికీ సైనికుల దగ్గరికీ వెళ్ళాడు. వీళ్ళు ఓడలో లేకపోతే మీరు బతకరు అన్నాడు.

కత్తి లేచింది. నీ చేతి ముందే తాడు తెగింది. ఖాళీ పడవ ఒక్కసారి తెల్లగా కనబడి, పోయింది.

తెగిన తాడు చివర నీ గుప్పిట్లో ఉంది. కోపం వస్తోంది కదూ? రావాలి. పడవ ఉంటే రేపు పొద్దున్న ఒడ్డుకి మనుషుల్ని చేరవెయ్యడానికి పనికొచ్చేది, సైనికుల తొందర దాన్ని నీళ్ళపాలు చేసింది. కోపం కాస్త దిగాక ఇంకో ప్రశ్న లేస్తుంది. అందర్నీ బతికిస్తానని దేవుడు మాటిచ్చాడని చెప్పింది ఈయనే. ఇప్పుడు కళాసీలు లేకపోతే బతకరంటున్నదీ ఈయనే. దేవుడి మాట అంత గట్టిదయితే నీ చేతులతో ఏం పని?

ఆయనకి ఆ రెండు మాటల మధ్యా తగువేమీ కనబడలేదు. దేవుడి మీద భారం వేసి దుప్పటి కప్పుకుని పడుకునే మనిషి కాడు. మాట దేవుడిది, మోకు లాగాల్సింది నువ్వు. బతికించే పనికి దేవుడు ఎంచుకున్న మనుషులు ఇందాక పడవ దించబోయారు, ఆ మాట నిజం కావాలంటే వాళ్ళు ఓడలో ఉండాలి. నమ్మడం ఈ రాత్రి ఓడలో ఉండిపోవడమే అయింది. నీ విషయంలో దానికి కత్తి అవసరమైంది.

తెల్లారేలోపు ఆయన మళ్ళీ లేచాడు. పధ్నాలుగు రోజులుగా సరిగ్గా ఏమీ తినలేదు, తినండి అన్నాడు. మీ ఒంటికి ఇది కావాలి అన్నాడు. ప్రసంగం లేదు. రొట్టె తీసుకున్నాడు. అందరి ఎదుటా దేవుడికి కృతజ్ఞత చెప్పాడు, ఇంకా ఏమీ దక్కకముందే. విరిచాడు. నమిలాడు.

నువ్వు చూస్తూ ఉన్నావు. దవడలు కదులుతున్నాయి. నీ కడుపు ఒక్కసారి మెలితిరిగింది, అది ఆకలి. దాన్ని నువ్వు మరిచిపోయి చాలా రోజులైంది. ఒక ముక్క తీసుకో. ఉప్పగా ఉంది. మెత్తబడిపోయింది. మింగు. పక్కన గోడకి ఆనుకుని కూర్చున్నవాడు కూడా చెయ్యి చాపాడు.

ఓడలో ఉన్నది 276 మంది. అందరూ తిన్నారు. తిన్నాక మిగిలిన గోధుమలన్నీ సముద్రంలో పోశారు. యజమాని ఆపినట్టు ఎవరూ రాయలేదు. ఓడ తేలికై పైకి లేచింది.

తెల్లారింది.

నేల. ఏ దేశమో తెలీదు. ఒక అఖాతం, దాని వెనక ఇసుక ఒడ్డు. అక్కడికి. లంగర్ల తాళ్ళు కోసెయ్యి, నాలుగూ సముద్రానికే. చుక్కానుల కట్లు విప్పు. ముందు చాప ఎత్తు. గాలి పట్టింది. ఓడ పరుగెత్తుతోంది. ఒడ్డు పెరుగుతోంది.

దెబ్బ.

పడ్డావు. లే. ముక్కు మేటలో దిగిపోయింది. కదలదు. వెనక అలలు కొడుతున్నాయి. పలకలు లేస్తున్నాయి. అమరం విరుగుతోంది.

వెనక కత్తులు బయటికొచ్చాయి. ఖైదీల్ని చంపేద్దాం అంటున్నారు సైనికులు. ఖైదీ పారిపోతే కాపలావాడి తల పోతుంది. ఇది రోము. పౌలు అక్కడే నిలబడి ఉన్నాడు. దేవుడిచ్చిన మాట ఇప్పుడు ఒక కత్తి మొన మీద ఉంది.

వద్దు అన్నాడు యూలి. పౌలుని బతికించాలని. ఆ ఒక్కడి కోసం ఖైదీలంతా బతికారు.

ఈత వచ్చినవాళ్ళు ముందు దూకండి!

దూకు.

చలి. ఊపిరి పోయింది. పైకి రా. తన్ను. నోట్లో ఉప్పు. అల వీపు మీద. మునిగావు. తన్ను. ఏదో తగిలింది, పలక. పక్కకి నెట్టు, ఈత రానివాడికి. తన్ను. కాలికి ఇసుక. మళ్ళీ లేదు. మళ్ళీ ఇసుక.

నిలబడు.

వెనక్కి చూడు. పలకల మీద, ఓడ చెక్కల మీద పట్టుకుని వస్తున్నారు. గోడకి ఆనుకున్నవాడు వచ్చాడు. యజమాని వచ్చాడు. యూలి వచ్చాడు. పౌలు నీళ్ళు కారుతూ వచ్చాడు. రానివాళ్ళు ఎవరూ లేరు. ఓడ లేదు.

ఇది మెలితే, ఇవాళ్టి మాల్టా. వాన పడుతోంది. ముక్కూ మొహమూ తెలీని ఊరివాళ్ళు మంట వేసి పిలిచారు. పౌలు పుల్లలు ఏరి మంటలో వేస్తుంటే పాము చేతికి పట్టుకుంది. హంతకుడు, సముద్రం వదిలినా ధర్మం వదల్లేదు అన్నారు ఊరివాళ్ళు. ఆయన పాముని మంటలోకి దులిపేశాడు. ఎంతసేపు చూసినా వాపు లేదు, పడిపోలేదు. అయితే దేవుడే అన్నారు. రెండూ ఒక్క పూటలో. జనం ఎక్కడైనా జనమే.

చలికాలం మూడు నెలలు గడిచింది. దీవి పెద్ద పొప్లి ఇంట్లో మొదటి మూడు రోజులు మీకు మర్యాదలు జరిగాయి, జ్వరంతో రక్త విరేచనాలతో పడి ఉన్న అతని తండ్రి పౌలు ప్రార్థనతో లేచాడు, ఆ తరవాత దీవిలో రోగులంతా వచ్చారు. ఓడ పగలకపోతే వీళ్ళలో ఎవరి గడపా ఆయన తొక్కేవాడు కాడు. అందుకే ఓడ పగిలిందని నేనైతే అనను. యజమానిని అడిగితే వేరే లెక్క చెప్తాడు, అతని గోధుమల లెక్క.

ఇప్పుడు రేవులో ఇంకో అలెగ్జాండ్రియా ఓడ ఉంది. ఇక్కడే చలికాలం గడిపింది. ముక్కు మీద కాస్టర్, పోలక్స్ బొమ్మలు. సురకూసై, రేగియు మీదుగా పొతియొలీకి వెళ్తుంది. అక్కణ్ణుంచి రోముకి నడక. రోములో పౌలుకి రెండేళ్ళు అద్దె ఇల్లూ, కాపలా సైనికుడూ రాసిపెట్టి ఉన్నాయి, ఆ సంగతి ఇక్కడ ఎవరికీ తెలీదు.

ఈసారి రాత్రి దూత వచ్చినట్టు ఆయన ఎవరికీ చెప్పలేదు. ఈ ఓడ గురించి ఏ మాటా లేదు. ఒక్క ప్రాణం పోదని గానీ, పోతుందని గానీ. గొలుసు సర్దుకుని పలక మీదుగా ఎక్కేశాడు.

ఈ ఓడ సరంగుకి మనుషులు తక్కువయ్యారు. కళాసీల్ని పేరు పేరునా అడిగి ఎక్కించుకుంటున్నాడు. వరసలో నీ ముందు ఇద్దరే ఉన్నారు.